మూడు నెలల క్యూబన్ సల్సా క్లాసు తర్వాత కూడా పాట మొదలైతే అడుగు పడట్లేదు

తొలిఅడుగు
గ్రూప్ క్లాసులో చేరి మూడు నెలలైంది. వారానికి రెండు రోజులు, గంట చొప్పున. ఒక్క క్లాసు కూడా మానలేదు. నేను లీడ్, అంటే జంటని నడిపించేది నేనే. గ్వాపేయా (మూల అడుగు), దీలే కే నో, ఎంచూఫ్లా, ఎక్సీబెలా, వసీలా, సొంబ్రేరో అనే ఫిగర్లు అయిపోయాయి. పోయిన వారం సెతెంతా మొదలుపెట్టారు. టీచర్ "ఒకటి రెండు మూడు... ఐదు ఆరు ఏడు" అని లెక్క చెబుతుంటే అన్నీ చక్కగా వస్తాయి. లెక్క ఆపి పాట పెట్టారంటే చాలు, కాళ్లు నా మాట వినవు.

మొన్న నెలాఖరున డాన్స్ రాత్రి పెట్టారు. క్లాసులో కలిసి చేసే అమ్మాయినే అడిగాను. పాట మొదలైంది, నేనేమో "ఒకటి" ఎక్కడుందా అని వెతుకుతున్నాను. చివరికి ఊహించి అడుగేశాను. రెండో దీలే కే నో దగ్గరికి వచ్చేసరికి ఇద్దరం చెరో బీట్ మీద ఉన్నాం. తను ఏమీ అనలేదు, ఆగి నాకోసం నిలబడింది. ఏదైనా అనుంటే ఇంత బాధ ఉండేది కాదు. మిగతా రాత్రంతా గోడ పక్కనే కూర్చున్నాను.

నాతో చేరినవాళ్లలో సగం మంది పై బ్యాచ్‌కి వెళ్తున్నారు. మొదటి బ్యాచ్ మళ్లీ చేయాలా, గ్రూప్ మానేసి టీచర్ దగ్గర విడిగా నేర్చుకోవాలా, లేక ఇది నాకు రాదని ఒప్పుకోవాలా? నిజంగా ఇష్టపడి చేరాను, అందుకే అడుగుతున్నాను.

కుడిచేయి
మూడు నెలల్లో ఏడు ఫిగర్లు నేర్పారు సరే, పాట వినడం ఒక్కరోజైనా నేర్పారా? గ్రూప్ క్లాసుల్లో వచ్చే చిక్కే ఇది. వారం వారం కొత్తది చూపించకపోతే జనం నిలవరని టీచర్ల భయం. నేను ఆరు నెలలు గ్రూప్‌లో ఉండి, మానేసి, విడిగా నేర్చుకున్నాకే నిలదొక్కుకున్నాను. మీరూ అదే చేయండి.

రాత్రిరైలు
మూడు నెలలే కదా. ఏం చేసినా గోడ పక్కన మాత్రం కూర్చోకండి.

నీలిచుక్క
నాలుగేళ్లుగా ఫాలో చేస్తున్నాను, అంటే లీడ్ నడిపించినట్టు అడుగేసేది నేను. ఆ అమ్మాయి ఆగి నిలబడిందని బాధపడుతున్నారు. మా వైపు నుంచి చూడండి. బీట్ తప్పిన సంగతి తెలియకుండా పాటంతా ఈడ్చుకుపోయే లీడ్‌తోనే మాకు కష్టం. మీకు తప్పినట్టు వెంటనే తెలిసింది. అంటే మీ చెవి పనిచేస్తోంది, కాళ్లే ఇంకా దాన్ని అందుకోలేదు. తను ఆగింది కూడా మీరు మళ్లీ అందుకుంటారన్న నమ్మకంతోనే.

కుడిచేయి గారూ, గ్రూప్ మానేయమంటే మాత్రం నేను ఒప్పుకోను. టీచర్‌తో విడిగా చేస్తే ఎవరికైనా బాగా వచ్చినట్టే ఉంటుంది. మన తప్పుని వాళ్లే తమ ఒంటితో సర్దేస్తారు. గ్రూప్‌లో గంటలో పది మంది చేతులు మారతాయి. ఒకరు బరువుగా ఉంటారు, ఒకరు అసలు చేయే ఆనించరు, ఒకరు ముందే తిరిగేస్తారు. వీళ్లందరితో పని చేసే లీడే నిజమైన లీడ్.

కుడిచేయి
సర్దేసేవాళ్లు మంచి టీచర్లు కారు. నాకు నేర్పినావిడ నేను చేయి సరిగా ఇవ్వకపోతే ఉన్నచోటునుంచి కదిలేది కాదు. నాలుగు వారాల్లో నా ఎంచూఫ్లా బాగుపడింది. పది చేతులు మారడం మంచిదే, కానీ ఆ పది మందీ కొత్తవాళ్లే అయితే ఎవరి తప్పు ఏదో చెప్పేదెవరు?

బొంగోబాబు
గ్రూపా విడిగానా అన్నది మీరు తేల్చుకోండి, "ఒకటి" సంగతి నేను చెప్తాను. కొంగా, బొంగో అనే చేతి డ్రమ్ములు వాయిస్తాను. డాన్స్ ఆ తర్వాత నేర్చుకున్నాను.

కొత్తవాళ్లు చాలామంది ఒకటిని బేస్‌లో, అంటే మంద్రంగా మోగే తీగ వాయిద్యంలో, వెతుకుతారు. మనం రోజూ వినే పాటల్లో అది అక్కడే ఉంటుంది కాబట్టి. ఈ సంగీతంలో బేస్ తరచుగా ఒకటి మీద ఏమీ వాయించదు. నాలుగో బీట్ మీదే వాయించేసి ఆ మోతని ఒకటి దాటించి లాగుతుంది. దాన్ని నమ్ముకుంటే ప్రతిసారీ ముందే అడుగేస్తారు. తొలిఅడుగు గారూ, మీకు ఆ రాత్రి జరిగింది ఇదేనని నా అనుమానం.

కొంగా వినండి. రెండో బీట్ మీద "టప్" అని గట్టి దెబ్బ పడుతుంది. నాలుగు దగ్గర "దుం దుమ్" అని రెండు మోగే దెబ్బలు. క్లాసులో మీరు నాలుగు, ఎనిమిది దగ్గర అడుగు వేయకుండా ఆగుతారు కదా, ఆ ఖాళీలోనే ఈ దుం దుమ్ పడుతుంది. దాని వెంటనే మీ అడుగు. టప్, దుం దుమ్, అడుగు. టప్, దుం దుమ్, అడుగు.

పాట కొంత సాగాక గాయకుడు ఒక వరస, కోరస్ ఒక వరస పాడుకునే భాగం వస్తుంది. దాన్ని మోంతూనో అంటారు. అక్కడ బొంగో వాయించే మనిషి బొంగో వదిలి చేతిలోకి గంట తీసుకుంటాడు. దాని పేరు కంపానా. అది ఒకటి, మూడు, ఐదు, ఏడు మీద బలంగా మోగుతుంది. పాట మొదట్లో ఏమీ దొరక్కపోతే కంగారుపడకుండా పార్టనర్ చేయి పట్టుకుని అటూ ఇటూ ఊగండి. గంట వచ్చాక మొదలుపెట్టినా తప్పేమీ లేదు.

తొలిఅడుగు
బొంగోబాబు గారూ, ఇప్పుడే ఒక పాట పెట్టుకుని విన్నాను. దుం దుమ్ దొరికింది! ఇన్నాళ్లూ ఇది ఎలా వినపడలేదో. కానీ దుం దుమ్ తర్వాత వచ్చింది ఒకటో ఐదో ఎలా తెలుస్తుంది?

బొంగోబాబు
సరైన ప్రశ్న. కొంగా ఆ తేడా చెప్పదు, పియానో చెప్తుంది. మోంతూనోలో పియానో ఒక ముక్కని ఎనిమిది బీట్లకోసారి తిప్పి తిప్పి వాయిస్తుంది. ముక్క మళ్లీ మొదలయ్యే చోటు చూసుకోండి. పాడేవాళ్ల వరసలు కూడా ఎక్కువగా ఆ చుట్టుపక్కలే మొదలవుతాయి.

దీనంతటికీ అడుగున ఉండేది క్లావే. రెండు కర్రలు, ఎనిమిది బీట్లలో ఐదు దెబ్బలు. సోన్ అనే పాత క్యూబన్ సంగీతపు క్లావే మూడు-రెండు అయితే, అంటే ముందు మూడు దెబ్బలు, తర్వాత రెండు అయితే, ఒకటి, రెండున్నర, నాలుగు, ఆరు, ఏడు. రెండు-మూడు అయితే అదే తిరగబడి రెండు, మూడు, ఐదు, ఆరున్నర, ఎనిమిది. చాలా పాటల్లో కర్రలు పైకి వినపడవు. బ్యాండ్‌లో అందరూ దాన్ని మనసులో పెట్టుకునే వాయిస్తారు. రోజూ పది నిమిషాలు కాళ్లతో గ్వాపేయా వేస్తూ చేతులతో క్లావే కొట్టండి. మొదటి వారం చిరాకేస్తుంది, వదలకండి.

రెండోపాదం
అసలు ఈ "ఒకటి" మీద ఇంత పట్టుదల దేనికి? సోన్ డాన్స్ నేర్చుకోండి. సోన్‌లో కోంత్రాతియెంపో మీద, అంటే రెండు మూడు నాలుగు, ఆరు ఏడు ఎనిమిది మీద అడుగు పడుతుంది. ఒకటి, ఐదు దగ్గర ఆగుతాం. కొంగా, బేస్ రెండూ మీ అడుగుతో కలిసి నడుస్తాయి. ఈ డాన్స్‌కి తల్లి సోనే. అది వస్తే మిగతాది దానంతటదే కూర్చుంటుంది.

నీలిచుక్క
రెండోపాదం గారూ, మీ మాట నిజమే, నాకూ సోన్ అంటే ప్రాణం. కానీ ఒకటి దొరక్క అవస్థ పడుతున్న మనిషికి ఇప్పుడు ఇంకో లెక్క ఇస్తే రెండూ కలిసిపోతాయి. ఒక ఏడాది ఆగనివ్వండి.

రెండోపాదం
ఏడాది పాటు తప్పు అలవాటు చేసుకున్నాక మార్చుకోవడం ఎంత కష్టమో నాకు తెలుసు కాబట్టి అన్నాను.

బొంగోబాబు
ఒకటి మీద వేయడం తప్పు అలవాటు ఏమీ కాదు. క్యూబాలో అలా వేసేవాళ్లు బోలెడు మంది.

మధ్యవరుస
మధ్యలో నా గోడు కూడా. మా ఆయనా నేనూ కలిసి చేరాం. ప్రతి మూడు నిమిషాలకీ పార్టనర్‌ని మార్చమంటారు. మేం ఒకరితో ఒకరం డాన్స్ చేయడానికే వచ్చాం, మారం అని చెప్పాం. టీచర్ ఒప్పుకున్నారు గానీ మిగతావాళ్లు అదోలా చూస్తున్నారు. ఇది తప్పా?

రాత్రిరైలు
తప్పు కాదు. మారకపోతే వరుస చివర నిలబడండి, మధ్యలో ఉంటే తిరిగేవాళ్లకి దారి తప్పుతుంది. మీ పేరేమో మధ్యవరుస!

నీలిచుక్క
ఒక్క నెల మారి చూడండి మధ్యవరుస గారూ. ఇద్దరే చేస్తుంటే ఒకరి తప్పుకి ఇంకొకరు అలవాటు పడతారు. ఆయన చేయి ఎత్తకపోయినా మీకు తెలిసిపోతుంది కాబట్టి తిరిగేస్తారు. ఆయన తన లీడ్ బాగుందనే అనుకుంటారు. వేరేవాళ్లతో చేసినరోజు ఇద్దరికీ అసలు సంగతి తెలుస్తుంది. ఇంటికెళ్లాక ఒకరికొకరు ఎలాగూ ఉన్నారు.

కుడిచేయి
ఈ ఒక్క విషయంలో నీలిచుక్క గారితో ఏకీభవిస్తున్నాను.

చిరుగజ్జె
పార్టనర్లు మారడం మంచిదే, కానీ లీడ్‌లకి కొన్ని మాటలు చెప్పాలి. ఎన్నాళ్లనుంచో చెప్పాలనుకుంటున్నాను.

బొటనవేలితో నా చేతి వెనకభాగాన్ని నొక్కి పట్టుకోకండి. వేళ్లు వంచి కొక్కెంలా ఇస్తే చాలు, నా వేళ్లు దానికి తగులుకుంటాయి. బిగించి పట్టుకుని తిప్పితే మణికట్టు మెలి పడుతుంది. పోయినేడాది సొంబ్రేరోలో ఒకాయన వదల్లేదు, మూడు వారాలు భుజం నొప్పి. చేయి లాగి కాదు, మీరు నడిచి లీడ్ చేయండి. దీలే కే నోలో మీరు పక్కకి జరిగి దారి ఇస్తే నేనే వచ్చేస్తాను, తోయక్కర్లేదు.

ఇంకోటి. క్లాసు మధ్యలో నాకు పాఠం చెప్పకండి. టీచర్ ఉన్నారు. రెండు నెలల కిందట చేరిన మనిషి ప్రతి టర్న్ తర్వాతా ఆగి "నువ్వు ఇలా తిరగాలి" అంటే నేను నవ్వి ఊరుకుంటాను, కానీ ఆ మూడు నిమిషాలూ పోయినట్టే. నొప్పి పుడితే ఎవరైనా ఎవరికైనా చెప్పాలి. మిగతావి టీచర్‌కి వదిలేయండి.

తొలిఅడుగు
చిరుగజ్జె గారూ, బొటనవేలి సంగతి ఇప్పుడే అద్దం ముందు చూసుకున్నాను. నేనూ నొక్కుతున్నాను. టెన్షన్ పడ్డప్పుడు ఇంకా ఎక్కువ. చెప్పినందుకు థాంక్స్.

చిరుగజ్జె
ఇలా చూసుకునేవాళ్లతో ఎవరైనా డాన్స్ చేస్తారండీ.

కుడిచేయి
ఫాలోలు ముందే ఊహించి తిరగడం గురించి కూడా ఎవరైనా చెప్పండి మరి. ఎంచూఫ్లా కోసం చేయి కదపగానే తిరిగిపోతారు. నేను డోబ్లే, అంటే దాన్నే రెండుసార్లు, చేద్దామనుకుంటే అప్పటికే అవతల ఉంటారు.

చిరుగజ్జె
నిజమే, అది మా తప్పే. ఒకే ఫిగర్‌ని గంటసేపు చేయిస్తే ఒళ్లు దానంతటదే తిరుగుతుంది. మా టీచర్ ఒకరోజు నన్ను కళ్లు మూసుకుని చేయమన్నారు. చేయి చెప్పేదాకా ఆగడం అప్పుడు తెలిసింది. నెమ్మదిగా, పెద్ద స్థలంలో, నమ్మకమున్న లీడ్‌తోనే అలా చేయాలి.

ఎనిమిదోఅంకె
షూ సంగతి ఎవరూ ఎత్తలేదు. రబ్బరు అడుగు ఉన్న స్పోర్ట్స్ షూతో టర్న్ చేయకండి. పాదం నేలకి అతుక్కుంటుంది, ఒళ్లు తిరుగుతుంది, మధ్యలో మోకాలు నలిగిపోతుంది. నేను ఆ పొరపాటు చేసి నాలుగు నెలలు కూర్చున్నాను. డాన్స్ షూనే కావాలని లేదు, అడుగు కాస్త నునుపుగా ఉంటే చాలు. అడుగులు చిన్నవిగా వేయండి. కొత్తవాళ్లు వెనక్కి వేసే అడుగు ఎప్పుడూ పెద్దదే, అందుకే మూడో బీట్‌కి మళ్లీ తమ చోటికి రాలేరు. తొలిఅడుగు గారి బీట్ తప్పడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

పాతరికార్డు
పై పోస్టులన్నీ చదివాను. అందరూ లీడ్‌కి ఇంకా ఇంకా పనులు అప్పజెబుతున్నారు. చేయి చూసుకో, కొంగా విను, క్లావే కొట్టు, అడుగు చిన్నది వేయి. పాపం ఆ మనిషి తర్వాతి ఫిగర్ ఏమిటో కూడా తనే ఆలోచించుకోవాలి. ఆ ఒక్క బరువూ తీసేస్తే మిగతావి వాటంతటవే తేలికపడతాయి. దానికి దారి ఈ డాన్స్‌లోనే ఉంది, రుయేదా.

కాస్త వెనక్కి వెళ్తాను. క్యూబాలో దీన్ని సల్సా అనరు, కసీనో అంటారు. 1950ల్లో హవానాలోని సోషల్ క్లబ్బుల్లో పుట్టింది. వాటిలో కసీనో దెపోర్తీవో అనే క్లబ్బు పేరు డాన్స్‌కి వచ్చింది. అక్కడ జంటలన్నీ వృత్తంగా నిలబడి, ఒకరు ఫిగర్ పేరు కేకేస్తే అందరూ ఒకేసారి చేసేవారు. అదే రుయేదా దె కసీనో. సల్సా అన్న పేరు న్యూయార్క్‌లో స్థిరపడింది. అక్కడ 1964లో పెట్టిన ఫానియా రికార్డ్ కంపెనీ ఆ మాటని ప్రపంచమంతా మోసుకెళ్లింది.

మనం క్లాసులో నేర్చుకునే పేర్లన్నీ నోటితో కేకేయడానికి పనికొచ్చే పేర్లు. దీలే కే నో అంటే "తనకి వద్దని చెప్పు". ఎంచూఫ్లా అంటే ప్లగ్ పెట్టడం. సొంబ్రేరో అంటే టోపీ, చేతులు తలల మీదుగా వెళ్తాయి కాబట్టి. దామే అంటే "ఇటివ్వు", పక్క జంటలోని పార్టనర్‌ని అందుకోవడం. సెతెంతా అంటే డెబ్బై.

తొలిఅడుగు గారూ, మీ క్లాసులో రుయేదా ఉంటే అందులో చేరండి. ఏం చేయాలో కేకేసే మనిషి చెప్తాడు. మీ బీట్ తప్పితే ఎదురుగా ఉన్న పది జంటల కాళ్లు చూసి అందుకోవచ్చు. తప్పు చేసినా తర్వాతి దామేకి కొత్త పార్టనర్, కొత్త మొదలు. గోడ పక్కన కూర్చునే వీలే ఉండదు.

రాత్రిరైలు
మా క్లాసులో సెతెంతా రోజున ఒకావిడ టీచర్ని "మిగతా అరవై తొమ్మిది ఎప్పుడు నేర్పుతారు" అని అడిగింది. పాతరికార్డు గారి పోస్టు ఆవిడకి పంపిస్తున్నాను.

మధ్యవరుస
రుయేదాలో మా ఆయన మళ్లీ నా దగ్గరికి రావడానికి ఎంతసేపు పడుతుంది?

పాతరికార్డు
ఎనిమిది జంటలుంటే ఎనిమిది దామేలు. దామే దోస్ అంటే ఒకరిని దాటేసి వెళ్తారు, నాలుగింటితో సరిపోతుంది.

కుడిచేయి
రుయేదాకి నేను వ్యతిరేకం కాదు, కానీ ఒక ప్రమాదం ఉంది. కేక వినగానే ఇద్దరూ ఎవరి పని వాళ్లు చేసేస్తారు. లీడ్ చేయడం, ఫాలో అవడం రెండూ పోతాయి. మూడేళ్లు రుయేదా చేసి జంటగా ఒక్క పాట చేయలేనివాళ్లని చూశాను.

నీలిచుక్క
అదీ నిజమే. అందుకే రెండూ కావాలి. తొలిఅడుగు గారూ, నా మాటగా ఒకటి చేయండి. మొదటి బ్యాచ్ మళ్లీ చేయండి. నేనూ రెండుసార్లు చేశాను. రెండోసారి ఫిగర్ కోసం బుర్ర పెట్టక్కర్లేదు కాబట్టి చెవులు ఖాళీగా ఉంటాయి. డాన్స్ రాత్రికి వెళ్లినప్పుడు గ్వాపేయా, దీలే కే నో, ఎంచూఫ్లా, అంతే. నాలుగోది చేయనని ఒట్టు పెట్టుకోండి. మూడు ఫిగర్లు బీట్ మీద చేసే లీడ్‌తో పాట మొత్తం హాయిగా గడిచిపోతుంది. ఇరవై ఫిగర్లు బీట్ తప్పి చేస్తే మేం ఎప్పుడు అయిపోతుందా అని చూస్తాం.

రెండోపాదం
దీనికి నేనూ సరే. ఇంట్లో మాత్రం సోన్ వినండి. అది నెమ్మదిగా ఉంటుంది, వాయిద్యాలు విడివిడిగా తెలుస్తాయి.

తొలిఅడుగు
ఐదు వారాల తర్వాత మళ్లీ వచ్చాను. అందరికీ చెప్పకుండా ఉండలేకపోయాను.

మొదటి బ్యాచ్‌లోనే ఉండిపోయాను. టీచర్‌కి చెబితే సంతోషించారు. ఆఖరి పావుగంట రుయేదా పెట్టమని అడిగితే పెడుతున్నారు. మొదటిరోజు దామే అనగానే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియక మధ్యలో నిలబడిపోయాను, పక్కనున్నావిడ చేయి పట్టుకుని లాగేసింది. ఒక సెకను కూడా ఆగలేదు చక్రం. ఇంట్లో రోజూ క్లావే కొడుతున్నాను. నాలుగో రోజుకి చేతులూ కాళ్లూ కలిశాయి.

మొన్న డాన్స్ రాత్రికి వెళ్లాను. అదే అమ్మాయిని అడిగాను. కంపానా మోగేదాకా ఊరికే ఊగాం. దుం దుమ్, అడుగు. మూడు ఫిగర్లే, పాట అయిపోయేదాకా. మధ్యలో ఒకసారి తప్పింది. ఆగాను, తనూ ఆగింది, మళ్లీ అందుకున్నాను. బొటనవేలు గాల్లోనే ఉంది చిరుగజ్జె గారూ. పాట అయ్యాక తను "ఇంకోటి?" అంది.

ఆ ఇంకోటి దగ్గరే వచ్చింది చిక్కు. చాలా స్పీడు. మధ్యలో ఉన్నట్టుండి కొంగా ఆగిపోయింది, బేస్ ఏదో కిందకి జారినట్టు మూలిగింది, చుట్టూ అందరూ చేతులు వదిలేసి విడివిడిగా ఒళ్లు విరుచుకుని ఆడుతున్నారు. మేమిద్దరం మొహమొహాలు చూసుకున్నాం. అదేంటి?

బొంగోబాబు
అబ్బ, ఎంత మంచి వార్త! మీరు విన్నది తీంబా, క్యూబాలో తర్వాతి తరం జోరు సంగీతం. 1969లో హువాన్ ఫోర్మెల్ పెట్టిన లోస్ వాన్ వాన్ లాంటి బ్యాండ్లు దారి వేస్తే, 1988లో వచ్చిన ఎన్‌జీ లా బాందా లాంటివాళ్లు దాన్ని ఉరకలెత్తించారు. పాట మధ్యలో లయ వాయిద్యాలన్నీ గేరు మార్చినట్టు ఒక్కసారిగా పద్ధతి మారుస్తాయి. కొంగా ఆగిన చోట జంటలు విడిపోయి ఎవరికి వాళ్లు నడుము, భుజాలు ఆడిస్తారు. దాన్ని దెస్పెలోతే అంటారు. ఏం చేయాలో తెలియకపోతే చేయి వదలకుండా గ్వాపేయా వేస్తూ ఉండండి. మీరు చేతులతో కొట్టిన క్లావే ఆ సమయంలో కూడా ఆగదు, మనసులో కొట్టుకుంటూ ఉంటే కొంగా తిరిగొచ్చేసరికి మీరు ఒకటి మీదే ఉంటారు.

చిరుగజ్జె
చేయి వదిలేసినా పర్లేదు, ఆ అమ్మాయికి ఆడాలని ఉండొచ్చు. తనేం చేస్తోందో చూసి నిర్ణయించుకోండి.

తొలిఅడుగు
సరే. నెలాఖరుకి మళ్లీ ఉంది. ఈలోపు తీంబా పాటలు రెండు పెట్టుకుని కొంగా ఎక్కడ ఆగుతుందో వింటాను.

మధ్యవరుస
మేమూ ఈ వారం నుంచి మారుతున్నాం. ఆయన సొంబ్రేరోలో చేయి అసలు ఎత్తడం లేదట, ముగ్గురు చెప్పారు.